డెర్మో: ఆల్చిప్ప రక్తకణాల్లో పెరిగే పరాన్నజీవి

క్లుప్తంగా: అమెరికా తూర్పు తీరంలోనూ మెక్సికో గల్ఫ్‌లోనూ ఆల్చిప్పలను చంపే డెర్మో వ్యాధికి కారణం పెర్కిన్సస్ మరైనస్ అనే ఏకకణ జీవి. ఇది నీటి ద్వారా ఒక ఆల్చిప్ప నుంచి మరో ఆల్చిప్పకు నేరుగా చేరుతుంది, మధ్యలో మరో జీవి సాయం అక్కర్లేదు. నీటి వేడి 20 డిగ్రీల సెల్సియస్, ఉప్పు 12 పీపీటీ (వెయ్యి పాళ్లలో 12 పాళ్లు) దాటితే విజృంభిస్తుంది. దీనికి మందూ లేదు, టీకా లేదు. మనుషులకు సోకదు. జబ్బు ముదిరేలోపే ఆల్చిప్పను మార్కెట్ సైజుకు తేవడమే పెంపకందార్లకు మిగిలిన దారి.

2024 జూలైలో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో, బెడెక్ బే (బే అంటే అఖాతం) ఆల్చిప్పల్లో ఎంఎస్ఎక్స్ అనే వ్యాధి బయటపడింది. ఆల్చిప్పల జబ్బుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఎంఎస్ఎక్స్, డెర్మో అనే రెండు పేర్లు పక్కపక్కనే వినిపిస్తాయి. రెండూ ఒకటేనని పొరబడటం తేలిక. రెండిటి బారినా పడేది ఒకే జాతి, అంటే అమెరికా తూర్పు తీరపు క్రాసోస్ట్రియా వర్జినికా. రెండూ కంటికి కనిపించని ఏకకణ జీవుల వల్లే వస్తాయి. కానీ ఒక ఆల్చిప్ప నుంచి మరోదానికి పాకే తీరులో వాటికి పోలికే లేదు. డెర్మో జీవితచక్రాన్ని పరిశోధకులు ప్రయోగశాలలో చాలావరకు కళ్లారా చూశారు. ఎంఎస్ఎక్స్ కలిగించే హాప్లోస్పోరిడియం నెల్సోనై 1957లో అమెరికా తూర్పు తీరంలోని డెలావేర్ బేలో బయటపడింది. అది ఎలా పాకుతుందో ఇప్పటికీ తేలలేదు. జబ్బును అదుపు చేసే ప్రతి ప్రయత్నమూ ఈ తేడా దగ్గరే మలుపు తిరుగుతుంది కాబట్టి, తెలిసిన చక్రాన్ని ముందు వివరంగా చూడటం మేలు.

శిలీంధ్రం అనుకున్నారు

1940ల్లో లూసియానా తీరంలో ఆల్చిప్పలు భారీగా చనిపోయాయి. ఆ పక్కనే చమురు తవ్వకాలు జోరుగా సాగుతుండటంతో పెంపకందార్లు చమురు కంపెనీల మీద కోర్టుకెక్కారు. ఆ వివాదం పుట్టించిన పరిశోధనల్లో, చావుకు దగ్గరైన ఆల్చిప్పల కండలో గుండ్రటి కణాలు కనిపించాయి. మాకిన్, ఓవెన్, కోలియర్ అనే శాస్త్రవేత్తలు 1950లో వాటిని శిలీంధ్రంగా భావించి డెర్మోసిస్టిడియం మరైనం అని పేరు పెట్టారు. జనం నోట నిలిచిన 'డెర్మో' ఆ పాత పేరులోని మొదటి ముక్కే.

1970ల్లో వర్జీనియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెరైన్ సైన్స్‌లో ఫ్రాంక్ పెర్కిన్స్ ఈ జీవి ఈత కణాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పరిశీలించారు. వాటి ముందు కొసన మలేరియా పరాన్నజీవి వర్గంలో ఉండే అమరికను పోలినది కనిపించింది. ఆయన పేరు మీదే 1978లో నార్మన్ లెవిన్ దీన్ని పెర్కిన్సస్ మరైనస్‌గా మార్చారు. తర్వాతి జన్యు పరిశీలనల్లో ఇది డైనోఫ్లాజెల్లేట్లు అనే సముద్రపు సూక్ష్మజీవులకు మరింత దగ్గరి చుట్టమని తేలింది. శిలీంధ్రం కాదన్న సంగతి పరీక్షల్లో ఇప్పటికీ అక్కరకొస్తుంది. పరీక్ష ద్రావణంలో శిలీంధ్రాలను చంపే నిస్టాటిన్ కలిపినా పెర్కిన్సస్ మాత్రం నిక్షేపంగా పెరుగుతుంది.

చక్రం ఎలా తిరుగుతుంది

ఆల్చిప్ప నీటిని వడపోసుకుని బతుకుతుంది. మొప్పల మీదికి వచ్చిన రేణువుల్లో పనికొచ్చేవాటిని నోటివైపు పంపుతుంది. అక్కర్లేనివాటిని జిగురులో చుట్టి, మాంటిల్ అనే పలుచని పొర అంచు మీదుగా బయటికి తోసేస్తుంది. పరాన్నజీవి ఈ రెండు దారుల్లోనూ లోపలికి చొరబడుతుంది. తిండితో పాటు జీర్ణనాళంలోకి పోతుంది, లేదా చెత్తను బయటికి తోసే చోటే మాంటిల్ పొరను దాటుతుంది.

లోపల ఎదురయ్యేవి హీమోసైట్లు, అంటే ఆల్చిప్ప రక్తకణాలు. ఆల్చిప్పకు యాంటీబాడీలు ఉండవు. ఒకసారి వచ్చిన జబ్బును గుర్తుపెట్టుకుని తిప్పికొట్టే ఏర్పాటు దానికి లేదు, కాబట్టి టీకా అన్న మాటకే తావు లేదు. ఉన్న రక్షణల్లో ముఖ్యమైనది ఈ రక్తకణాలు చేసే పని: పరాయి కణాన్ని మింగడం, ఘాటైన ఆక్సిజన్ రసాయనాలతో దాన్ని చంపడం. పెర్కిన్సస్ అక్కడే దెబ్బకొడుతుంది. రక్తకణం పైపొరలోని గెలెక్టిన్ అనే ప్రోటీన్‌కు గట్టిగా అతుక్కుని తనను తానే మింగించుకుంటుంది. లోపలికి చేరాక, సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్ వంటి ఎంజైములతో ఆ రసాయనాలను నిర్వీర్యం చేస్తుంది. చంపడానికి మింగిన కణమే దానికి ఇల్లవుతుంది, ఒళ్లంతా తిప్పే వాహనమూ అవుతుంది.

ఈ దశలో ఉన్న పరాన్నజీవి కణాన్ని ట్రోఫోజాయిట్ అంటారు. చిన్నది 2 నుంచి 4 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఎదిగినది 10 మైక్రాన్లు లేదా ఇంకాస్త పెద్దదిగా ఉంటుంది. కణం మధ్యలో పెద్ద ద్రవపు సంచి పెరిగి కేంద్రకాన్ని ఒక పక్కకు నెట్టేస్తుంది. రంగు పట్టించిన స్లైడు మీద చూస్తే ఇది రాయి పొదిగిన ఉంగరంలా కనిపిస్తుంది. డెర్మోను గుర్తుపట్టడానికి చూసే మొదటి ఆనవాలు ఇదే. ఎదిగిన కణం తన గోడ లోపలే పదేపదే చీలుతుంది. 4, 8, 16, 32 చొప్పున, ఒక్కోసారి అంతకు మించి, పిల్లకణాలు ఒకే గోడలో ఇరుక్కుని ఉంటాయి. గోడ పగలగానే అవి బయటపడతాయి. ఈలోగా ఆశ్రయమిచ్చిన రక్తకణం చచ్చిపోతుంది. కొత్త రక్తకణాలు పిల్లకణాలను మింగుతాయి, చక్రం మళ్లీ మొదలవుతుంది.

ఆల్చిప్పకు మన రక్తనాళాల వంటి పూర్తిగా మూసిన వ్యవస్థ లేదు. రక్తం అవయవాల మధ్య ఖాళీల్లోకి నేరుగా పారుతుంది. అందుకే జబ్బు ఒక అవయవం దగ్గర ఆగదు. జీర్ణనాళపు లోపలి పొర కరిగిపోతుంది, రక్తం పారే దారులు కణాల గుంపులతో పూడుకుపోతాయి. గుడ్లు, వీర్యకణాలు తయారు కావడం మందగిస్తుంది. మాంసం నీళ్లోడుతూ పలుచబడి, జీర్ణగ్రంథి పాలిపోతుంది. మాంటిల్ పొర చిప్ప అంచు నుంచి వెనక్కి ముడుచుకుంటుంది. చివరికి చిప్పను మూసి ఉంచే కండరం పట్టు సడలి, ఆల్చిప్ప నోరు తెరుచుకుపోతుంది. అయితే ఇవేవీ డెర్మోకే ప్రత్యేకమైన లక్షణాలు కావు. తిండి లేక చిక్కిన ఆల్చిప్ప కూడా ఇలాగే ఉంటుంది, కాబట్టి కంటితో చూసి తేల్చడం కుదరదు.

చనిపోతున్న ఆల్చిప్పలో మరో దశ మొదలవుతుంది. కుళ్లే కండలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ కొన్ని కణాలు ఉబ్బి, మందపాటి గోడ కట్టుకుంటాయి. వీటిని హైప్నోస్పోర్లు అంటారు. శుభ్రమైన సముద్రపు నీటిలో పడితే వీటి లోపల విభజన సాగి, కొన్ని రోజుల్లో తోకల్లాంటి రెండేసి కశాభాలున్న ఈత కణాలు వందల సంఖ్యలో ఒక గొట్టం గుండా బయటికి వస్తాయి. వాటిని జూస్పోర్లు అంటారు. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో ఈ ఈత కణాలకే పెద్ద పీట వేస్తారు. ప్రయోగాలు మాత్రం వేరే మాట చెబుతున్నాయి. ఆల్చిప్పలకు ఎక్కించి చూసినప్పుడు, మామూలు ట్రోఫోజాయిట్లే మందగోడ కణాలకన్నా గట్టిగా జబ్బును తెచ్చాయి. డెర్మో పాకడానికి అసలు దారి ఈత కణాలు కావు, కుళ్లి చెదిరే కండతో నీటిలో కలిసే ట్రోఫోజాయిట్లేనన్న వాదనకే బలం ఎక్కువ. బతికున్న ఆల్చిప్పల మలంతోనూ ఇవి బయటికొస్తాయి. బూనియా ఇంప్రెస్సా అనే, కొద్ది మిల్లీమీటర్ల తెల్లని నత్త కూడా ఒక దారే. అది మాంటిల్ అంచులో తొండం గుచ్చి రక్తం పీలుస్తూ ఆల్చిప్ప నుంచి ఆల్చిప్పకు తిరుగుతుంది. అది లేకపోయినా చక్రం ఆగదు.

చావులు సెప్టెంబరులోనే ఎందుకు

నేరుగా పాకే చక్రం కావడంతో దాని వేగమంతా నీటి వేడి మీద, ఉప్పు మీద ఆధారపడి ఉంటుంది. అమెరికా తూర్పు తీరంలోని చీసపీక్ బేలో చలికాలం నీరు చల్లబడ్డాక కణాల విభజన దాదాపు నిలిచిపోతుంది. చాలా ఆల్చిప్పల్లో పరాన్నజీవి సంఖ్య పడిపోతుంది కానీ పూర్తిగా తుడిచిపెట్టుకుపోదు. వసంతంలో నీరు 20 డిగ్రీలు దాటగానే మిగిలినవి మళ్లీ చీలడం మొదలుపెడతాయి. జూలై, ఆగస్టుల్లో 25 డిగ్రీల పైన వేగం పుంజుకుంటుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో చావులు పరాకాష్టకు చేరతాయి, చచ్చినవాటి నుంచి విడుదలైన కణాలు పక్కనున్నవాటికి సోకేదీ అప్పుడే. అప్పుడు సోకిన పిల్ల ఆల్చిప్ప సాధారణంగా ఆ ఏడు చావదు. చలికాలం దాటి, తర్వాతి వేసవిలోనో ఆపై వేసవిలోనో చస్తుంది. మొదటి ఏడు పంట బాగుందనుకున్న చోట రెండో, మూడో ఏడాది కుప్పకూలడానికి కారణం ఈ ఆలస్యమే.

ఉప్పు విషయంలో గందరగోళం ఎక్కువ. భారీ వర్షాలు పడి నదుల నీరు బేలోకి చేరితే డెర్మో తగ్గుముఖం పడుతుందన్నది నిజం. ఉప్పు 12 పీపీటీ పైన ఉంటే చావులు తీవ్రం, 9 కన్నా తగ్గితే విభజన నెమ్మదిస్తుంది. అంతమాత్రాన ఆల్చిప్ప శుభ్రపడినట్టు కాదు. తక్కువ ఉప్పులో పరాన్నజీవి నెలల తరబడి అణిగి ఉండి, నీరు మళ్లీ ఉప్పెక్కగానే లేస్తుంది. ఎంఎస్ఎక్స్ ఇందుకు భిన్నం. వెచ్చటి నీటిలో ఉప్పు 10 పీపీటీకి తగ్గి రెండు వారాలు అలాగే ఉంటే, ఆ జబ్బు ఆల్చిప్పను చాలావరకు వదిలిపోతుంది. ఒక జబ్బుకు చికిత్స లాంటిది రెండో జబ్బుకు విరామం మాత్రమే. ఈ తేడా తెలియక, నదీముఖం పైభాగంలో కొన్నాళ్లు ఉంచిన ఆల్చిప్పలను 'నయమయ్యాయి' అనుకుని తిరిగి ఉప్పునీటికి తెస్తే డెర్మో కూడా వెంటే వస్తుంది.

మెక్సికో గల్ఫ్‌లో చలి తక్కువ కాబట్టి జబ్బు ఏడాది పొడవునా ఉంటుంది. అక్కడ హెచ్చుతగ్గులను ఎక్కువగా నిర్ణయించేది వాన. లా నినా తెచ్చే పొడి కాలాల్లో తీరపు నీటి ఉప్పు పెరిగి డెర్మో ముదురుతుంది, ఎల్ నినో వానలు దాన్ని అణుస్తాయి.

1980లలో ఏం మారింది

చీసపీక్ బేలో డెర్మో 1950ల నుంచీ తెలిసినదే. మూడు దశాబ్దాల పాటు అది ఒక ఓ మాదిరి జబ్బుగానే ఉండి, 1980ల నడుమ ఒక్కసారిగా ఉగ్రరూపం దాల్చింది. 1990 నాటికి డెలావేర్ బేకి, ఆ దశకం నడుమకల్లా ఉత్తరాన మెయిన్ రాష్ట్రం దాకా పాకింది. చీసపీక్ బే ఒడ్డునున్న మేరీలాండ్‌లో 1980ల మొదట్లో ఏటా పది లక్షల బుషెళ్లు (బుషెల్ ఒక అమెరికా కొలత) దాటిన ఆల్చిప్పల పట్టుబడి, 1999–2002 కరువు తర్వాత 2003–04 సీజనులో సుమారు 26 వేల బుషెళ్లకు పడిపోయింది. అతిగా పట్టడం, ఆల్చిప్పలు పెరిగే దిబ్బలు పాడవడం ఇందులో ఉన్నా, చివరి దెబ్బ ఎంఎస్ఎక్స్, డెర్మోలదే.

డెర్మో ఇలా ఉగ్రరూపం దాల్చడానికి చాలాకాలం చెప్పిన కారణం కరువు. వానలు లేక ఉప్పు పెరిగింది, చలికాలాలు వెచ్చబడ్డాయి, జబ్బు పెరిగింది అన్నారు. ఇది కొంతవరకే నిజం. వానలు తిరిగొచ్చాక కూడా డెర్మో పాత స్థాయికి ఎందుకు తగ్గలేదో ఈ వాదన చెప్పలేకపోయింది. 2021లో ర్యాన్ కార్నెగీ, సహ పరిశోధకులు ఇందుకు కొత్త వివరణ ఇచ్చారు. 1960 నుంచి 2018 వరకు చీసపీక్ బే, సౌత్ కరోలినా, న్యూజెర్సీల్లో సేకరించి భద్రపరిచిన 8,355 ఆల్చిప్పల కణజాలాన్ని వారు మళ్లీ మైక్రోస్కోపులో చూశారు. 1983కు, 1990కి మధ్య పరాన్నజీవి రూపమే మారిపోయిందని తేలింది. చక్రం కురచబడింది. పాత కాలపు స్లైడుల్లో లోపలి సంధాన కణజాలంలో (అవయవాలను పట్టి ఉంచే కణజాలంలో) ఉన్న కణాలు, కొత్త స్లైడుల్లో జీర్ణనాళపు పొరకు మారాయి.

దీని వెనుక తర్కాన్ని కూడా వారు సూచించారు. 1959లో చీసపీక్ బేకి చేరిన ఎంఎస్ఎక్స్ పరాయి జబ్బు. అది ఆసియాలోని పసిఫిక్ ఆల్చిప్పల్లో ఉండే పరాన్నజీవేనని 2000లో జన్యు పరీక్షలు చూపాయి. అది వచ్చాక బేలో ఆల్చిప్పల సంఖ్యా తగ్గింది, ఆయుష్షూ తగ్గింది. నెమ్మదిగా పెరిగి ముసలి ఆల్చిప్పను చంపే డెర్మోకు ఇక మనుగడ కష్టం. ఆశ్రయమిచ్చే ఆల్చిప్ప మరో జబ్బుతో చచ్చేలోపే త్వరగా పెరిగి, త్వరగా బయటపడే రకమే నిలబడుతుంది. జీర్ణనాళపు పొరలో పెరిగే కణానికి బయటి దారి దగ్గర. ఇది పరికల్పనే అయినా, కరువు వాదన వదిలేసిన ఖాళీని ఇది బాగా పూరిస్తుంది. పరాయి జబ్బు రాకతో పాత జబ్బే మరింత క్రూరంగా మారిందనడానికి సముద్రజీవుల విషయంలో ఇలాంటి ఆధారం దొరకడం అరుదు.

మధ్యలో మరో జీవి ఉన్నప్పుడు

అన్ని ఆల్చిప్ప జబ్బులూ ఇలా నేరుగా పాకవు. 1979లో ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో చదునైన యూరప్ ఆల్చిప్పలను దెబ్బతీసిన బోనామియా ఆస్ట్రియే నేరుగానే పాకుతుంది, అదీ రక్తకణాల్లోనే పెరుగుతుంది. మార్టీలియా వర్గం దారి వేరు. ఆస్ట్రేలియాలో సిడ్నీ రాక్ ఆల్చిప్పలకు క్యూఎక్స్ జబ్బు తెచ్చే మార్టీలియా సిడ్నీయై, జీర్ణగ్రంథిలో కణం లోపల కణం, దాని లోపల మరో కణంగా బీజాలను తయారుచేస్తుంది. ఆల్చిప్ప ఆకలితో మాడి చస్తుంది. ఆ బీజాలను మరో ఆల్చిప్పకు నేరుగా ఎక్కిస్తే జబ్బు రాదు. అడుగు బురదలోని నెఫ్టిస్ ఆస్ట్రేలియెన్సిస్ అనే పురుగులో మరో దశ గడవాలి. అందుకే క్యూఎక్స్ అన్ని నదీముఖాల్లో ఒకేలా రాదు. 1994లో జార్జెస్ నదిని, 2004లో హాక్స్‌బరీ నదిని ముంచిన జబ్బు, మరికొన్ని చోట్ల పెద్దగా తల ఎత్తలేదు.

డెర్మోకు ఇలాంటి బలహీనమైన లంకె లేదు. ఆంధ్ర కోస్తా రొయ్యల రైతులకు తెలిసిన ఈహెచ్‌పీ అనే రొయ్యల పరాన్నజీవి కూడా మధ్యలో మరో జీవి లేకుండానే రొయ్య నుంచి రొయ్యకు పాకుతుంది. కాకపోతే చెరువును ఎండబెట్టి సున్నం చల్లవచ్చు, బేను ఎండబెట్టలేరు.

ఎలా కనిపెడతారు

1952లో శామీ రే కనిపెట్టిన పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. మాంటిల్ నుంచి, పురీషనాళం నుంచి చిన్న ముక్కలు కోసి, యాంటీబయాటిక్‌లు, నిస్టాటిన్ కలిపిన థయోగ్లైకొలేట్ ద్రావణంలో వేస్తారు. చీకట్లో, 25–28 డిగ్రీల వేడిలో 5 నుంచి 7 రోజులు ఉంచుతారు. ట్రోఫోజాయిట్లు చీలకుండా ఉబ్బి హైప్నోస్పోర్లు అవుతాయి, పది మైక్రాన్ల కణం పదుల మైక్రాన్లకు పెరుగుతుంది. ముక్కను స్లైడు మీద చిదిమి లుగాల్స్ అయోడిన్ చుక్క వేస్తే నల్లటి నీలి గోళాలు తేలికగా కనిపిస్తాయి. తీవ్రతను 0 నుంచి 5 దాకా మాకిన్ కొలమానంలో రాస్తారు. కచ్చితమైన లెక్క కావాలంటే ఆల్చిప్ప మాంసమంతా ఇలాగే ఉంచి, ఆపై సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగిస్తారు. మాంసం కరిగిపోయినా గట్టి గోడల హైప్నోస్పోర్లు మిగులుతాయి, వాటిని లెక్కపెడతారు.

ఎక్కువగా జరిగే పొరపాటు కాలం ఎంపికలో. చలికాలం చివర తీసిన నమూనాల్లో కణాలు అతి తక్కువగా ఉండి పరీక్ష 'లేదు' అనవచ్చు. పీసీఆర్ అంతకన్నా సూక్ష్మమైనదే కానీ అది పట్టేది జన్యుపదార్థాన్ని. కణం బతికి ఉందో లేదో, ఆల్చిప్పలో నిజంగా పెరుగుతోందో, వడపోతలో ఊరికే వచ్చి చేరిందో అది చెప్పదు. అందుకే పీసీఆర్‌లో దొరికినా కణజాలపు స్లైడులు చూడనిదే జబ్బుందని ప్రకటించరు.

పెంపకందార్ల చేతిలో ఉన్నవి

ఆల్చిప్ప మార్కెట్ సైజు మూడు అంగుళాలు. చీసపీక్‌లో హేచరీ సీడ్‌తో (పిల్ల ఆల్చిప్పలతో), ముఖ్యంగా ట్రిప్లాయిడ్ రకాలతో, 18 నుంచి 24 నెలల్లో ఆ సైజుకు తేవచ్చు. ట్రిప్లాయిడ్లలో మూడు జట్ల క్రోమోజోములు ఉంటాయి. గుడ్ల మీద శక్తి ఖర్చవదు కాబట్టి త్వరగా పెరుగుతాయి. ట్రిప్లాయిడ్ అయినంత మాత్రాన డెర్మోను తట్టుకునే శక్తి రాదు, జబ్బు ముదిరేలోపు పట్టుబడికి రావడమే లాభం. ఎంఎస్ఎక్స్‌ను తట్టుకునే రకాలు త్వరగానే వచ్చాయి కానీ డెర్మోకు ఎంపిక మందకొడిగా సాగడానికి ఒక కారణం చక్రంలోనే ఉంది. డెర్మో చంపేనాటికి ఆల్చిప్ప ఒకటి రెండుసార్లు గుడ్లు పెట్టేసి ఉంటుంది, కాబట్టి బలహీనమైన వాటి సంతానమూ మిగులుతుంది.

మిగతా జాగ్రత్తలన్నీ సోకే మోతాదును తగ్గించడానికే. ఈ ఏటి సీడ్‌ను రెండేళ్ల ఆల్చిప్పల పక్కన పెట్టకూడదు, ఎందుకంటే వేసవి చివర కణాలను వదిలేవి ఆ పెద్దవే. బుట్టల్లో నోరు తెరిచినవాటిని నీటిలోకి విసరకూడదు. దిబ్బలు కట్టడానికి వాడే ఖాళీ చిప్పలకు మాంసం ముక్కలు అంటుకుని ఉంటాయి కాబట్టి కనీసం నెల రోజులు ఒడ్డున ఎండనివ్వాలి.

తినేవారి సందేహానికి జవాబు సూటిగానే ఉంది. డెర్మో ఉన్న ఆల్చిప్ప రుచి తగ్గి, పలుచగా ఉండవచ్చు, ఆ పరాన్నజీవి వల్ల మనిషికి జబ్బు రాదు. పచ్చి ఆల్చిప్పలతో మనుషులకు ప్రాణాపాయం తెచ్చేది విబ్రియో వల్నిఫికస్ అనే బాక్టీరియా. వెచ్చటి నీటిలోనే అదీ పెరుగుతుంది కాబట్టి రెండు వార్తలూ ఒకే కాలంలో వచ్చి కలగలిసిపోతాయి.

భారత తీరంలో

పెర్కిన్సస్ కుటుంబం మన నీళ్లకు కొత్త కాదు. మన్నార్ గల్ఫ్‌లోని ముత్యపు చిప్పల్లో పెర్కిన్సస్ ఒల్సెనై ఉన్నట్టు 2010లో, క్రాసోస్ట్రియా మద్రాసెన్సిస్ ఆల్చిప్పల్లో పెర్కిన్సస్ బైహైయెన్సిస్ ఉన్నట్టు 2012లో శాస్త్ర పత్రాలు వచ్చాయి. ఇవి మరైనస్ కాదు, బంధువులు. ఒల్సెనై మాత్రం మరైనస్‌తో పాటు ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థకు తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఉన్న జీవి. భీమునిపట్నం, కాకినాడ ప్రాంతాల్లో సహజంగా దొరికే ఆల్చిప్ప కూడా మద్రాసెన్సిసే. ఇక్కడి నీరు 20 డిగ్రీలకు దిగడం అరుదు కాబట్టి చీసపీక్‌లో చలికాలం వేసే కళ్లెం ఇక్కడ ఆశించలేం. జూలై నుంచి గోదావరి వరద నీరు తెచ్చే ఉప్పు తగ్గుదల కొంత అడ్డుకట్ట వేయవచ్చు. మార్చి నుంచి జూన్ వరకు ఉప్పు, వేడి రెండూ ఎక్కువగా ఉండే నెలలు.

ఒక చోటి సీడ్‌ను గానీ తల్లి ఆల్చిప్పలను గానీ మరో చోటికి తరలించే ముందు పరీక్ష చేయడం ఇందుకే ముఖ్యం. నూటికి ఐదింటికి సోకినా పట్టుకోవాలంటే కనీసం 60 ఆల్చిప్పలను చూడాలి, నూటికి పదింటికి సోకినప్పుడు పట్టడానికి 30 సరిపోతాయి. నమూనాలను వానలకు ముందు, జూన్ మొదట్లో తీయడం మంచిది. వరద తగ్గిన వెంటనే తీస్తే ఉన్న జబ్బు కూడా తప్పించుకునే అవకాశం ఎక్కువ.